దానమిచ్చిన మంచం

"దాన్ని తిరగేసి పెట్టించండి వదినగారూ. వీధిన పోయేవాళ్ళు చూస్తున్నారు," అంది మాణిక్యమ్మ.

"చూడనివ్వండి. చూడ్డానికే అలా పెట్టించాను," అంది సామ్రాజ్యం.

మంచం అరుగు మీద బోర్లా ఉంది. నాలుగు కోళ్ళూ పైకి లేచి ఉన్నాయి. నవారు విప్పేశారు. రేపల్లె నుంచి ధాన్యం లారీలో దాన్ని వేయించుకుని, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది సామ్రాజ్యం. వచ్చిన దగ్గర్నుంచీ నిలబడే ఉంది. మాణిక్యమ్మ తెచ్చిన మంచినీళ్ళ చెంబు ముట్టుకోలేదు.

తెనాలిలో ఆ ఇంటి అరుగు మీద పాత సామాను లేని రోజు ఉండదు. పొగాకు వ్యాపారంలో పొలం పోయాక ఆ ఇంటికి అన్నం పెడుతున్నది పాత సామానే. కొనడం, అమ్మడం మాణిక్యమ్మ కొడుకు బసవేశ్వరరావు చూస్తాడు. చెక్కపని వడ్రంగి జ్ఞానానందానిది. పాత రంగు గీకి, గరుకు కాగితం పట్టి, పాలిష్ వేసేది కోడలు కుసుమకుమారి. మూడు నెలల కిందట సామ్రాజ్యం భర్త కోటేశ్వరరావు ఈ అరుగు మీదే ఈ మంచాన్ని చూసి, కొని, రేపల్లె తీసుకెళ్ళాడు.

"బసవేశ్వరరావుగారూ, పోయిన వారం మా వారు వచ్చి అడిగితే మీరేమన్నారు?"

"మంచం బాపట్ల నుంచి వచ్చిందన్నానండి."

"అంతేనా?"

బసవేశ్వరరావు తల్లి వైపు చూశాడు.

"ఇంటివాళ్ళే అమ్మారన్నాను."

"ఇంటివాళ్ళంటే మా అన్న పాండురంగారావు. ఇంకెవరున్నారు ఆ ఇంట్లో?"

"పేరు నేను చెప్పలేదండి."

"పేరు చెప్పక్కర్లేదు. ఇలా రండి."

సామ్రాజ్యం వంగి పక్కపట్టె లోపలి వైపు వేలు పెట్టింది. బయటి వైపు టేకు మీద పాలిష్ ఉంది. లోపలి వైపు సున్నం చారలున్నాయి, ఒకదాని మీద ఒకటి, పెచ్చు కట్టి.

"మా నాన్న ఆకు వేసుకునేటప్పుడు వేలికి మిగిలిన సున్నం ఇక్కడ తుడిచేవాడు. ఉన్నన్నాళ్ళూ మా అమ్మ తిడుతూనే ఉంది. నవారు బిగిద్దామని పది రోజుల కిందట విప్పితే కనిపించింది."

పెరట్లోంచి జ్ఞానానందం తొంగిచూశాడు.

"లోపలి వైపు ఎవరు చూస్తారులే అని వదిలేశామండి. నవారు కప్పేస్తుంది కదా."

"నిన్నెవరడిగార్రా?" అన్నాడు బసవేశ్వరరావు. జ్ఞానానందం తల లోపలికి వెళ్ళిపోయింది.

"మా నాన్న పోయినప్పుడు నేను గుంటూరు ఆస్పత్రిలో ఆపరేషనై పడున్నాను," అంది సామ్రాజ్యం. "పన్నెండో రోజుకి వెళ్ళలేకపోయాను. తర్వాత వెళితే నాన్న మంచం లేదు. శయ్యాదానం చేశానన్నాడు మా అన్న. నాన్న పడుకున్న మంచం, పరుపు, దుప్పటి, గొడుగు, చెప్పులు అన్నీ బ్రాహ్మడికి ధారపోశానన్నాడు. ఇక్కడ మంచం ఇస్తే అక్కడ నాన్నకి పడక దొరుకుతుంది, నువ్వేం బాధపడకు చెల్లాయ్ అన్నాడు. మంచం ధారపోస్తే మీ అరుగు మీదకి ఎలా వచ్చిందండీ? ఇచ్చానని నాకు చెప్పి మీకు అమ్ముకున్నాడన్నమాట. అంతేనా?"

కుసుమకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. వేళ్ళకి లక్క అంటుకుని ఉంది. ఆమె నోరు తెరవబోయింది. బసవేశ్వరరావు లోపలికి వచ్చి, "వంటింట్లోకి రా," అన్నాడు. మాణిక్యమ్మ వెనకే వచ్చింది.

"పాండురంగారావుగారు అమ్మలేదు కదండీ," అంది కుసుమ.

"గట్టిగా మాట్లాడకు."

"అమ్మింది యజ్ఞనారాయణ శాస్త్రిగారు. ఆయనకి దానం వచ్చింది, ఆయన మనకి అమ్మాడు. మీరు ఇంటివాళ్ళే అని ఎందుకన్నారు?"

"ఏమనను? ఆయన పెట్టిన షరతులు రెండే రెండు. బాపట్ల సామాను బాపట్లలో అమ్మకూడదు. తన పేరు మన నోట రాకూడదు. కోటేశ్వరరావు నిలదీసేసరికి అదొక్కటే తోచింది."

"మొదటిది పాటించామనే అనుకున్నాను. రేపల్లె వాళ్ళకి అమ్మాం కదా అని. కొన్నాయన పెళ్ళాం పుట్టిల్లు ఎక్కడో అడగలేదు."

"మంచం అమ్మేటప్పుడు పుట్టిల్లు అడుగుతారుటే ఎవరన్నా?" అన్నాడు.

"చచ్చినవాళ్ళ మంచాలు గడప లోపలికి తేవద్దని మొదటి రోజే మొత్తుకున్నాను," అంది మాణిక్యమ్మ.

"ఆ మంచాల అన్నమే తింటున్నావమ్మా."

"తింటున్నాను గనకే చెబుతున్నాను. ఆ పంతులు పేరు ఎత్తకండి. ఎత్తారంటే రేపట్నుంచి పొయ్యి మీద ఏం పెడతావే కోడలా? నీ గరుకు కాగితమా?"

కుసుమ చేతులు చూసుకుంది.

"ఆవిడ అన్నయ్యతో తెంచుకునేలా ఉందత్తయ్యా. మన అబద్ధం నమ్మి తెంచుకుంటుంది."

"అన్నాచెల్లెళ్ళు," అన్నాడు బసవేశ్వరరావు. "నాలుగు రోజులు పోట్లాడుకుంటారు. మళ్ళీ కలుస్తారు. పంతులు మళ్ళీ మన మొహం చూడడు. మంచాలిచ్చే మనిషి ఆయనొక్కడే కుసుమా. బజార్లో దొరికేవి బాడిస పెట్టి చెక్కడానికి కూడా పనికిరావు. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. డబ్బున్న ఇళ్ళలో ఇప్పుడు ఇనప మంచాలు కొంటున్నారు. టేకు మంచం అమ్ముకుంటే నామర్దా. పెద్దవాళ్ళు పోయినప్పుడు దానంగా బయటికి వస్తుంది. ఆ ఇళ్ళకి పురోహితుడు యజ్ఞనారాయణ.

అరుగు మీద నుంచి సామ్రాజ్యం గొంతు వినిపించింది.

"నేను బాపట్ల బండికి వెళుతున్నాను. ఈ మంచం నాకొద్దు. మీ డబ్బూ వద్దు. అమ్ముకున్నానని వాడి నోటితో వాడు చెప్పాలి. చెప్పాడా, ఆ ఇంటికి నేను వెళ్ళడం ఇదే ఆఖరు."

కుసుమ బయటికి వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగండి పిన్నిగారూ. చేతులు కడుక్కుని నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మాయ్?"

"మంచం బాగుచేసింది నేను."

లోపల బసవేశ్వరరావు ఏదో అన్నాడు. స్పిరిటు సీసా మూత పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని, ఆమె మెట్లు దిగింది.

బాపట్ల పాసింజరులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బండి నిడుబ్రోలు దాటింది.

"తల వైపు చిలకలుండేవి. ఏం చేశావు?" అంది సామ్రాజ్యం.

"ఒకదానికి చెద పట్టిందండి. తీసేసి సాదా పలక వేయించాం."

"రెండోది?"

"అద్దం చట్రానికి వేశాను. మా ఇంట్లోనే ఉంది. అమ్మలేదు."

"మరి దోమతెర కర్రలు?"

"ఇప్పుడెవరూ వాటిని ఇష్టపడటం లేదండి. కోయించేశాం. స్టూలుకి కాళ్ళయ్యాయి."

సామ్రాజ్యం కిటికీలోంచి చూసింది.

"నల్లగా ఉండేది మా నాన్న మంచం. మీరు అంత ఎర్రగా ఎలా చేశారు?"

"నల్లదనం కర్రది కాదండి. పాత వార్నీషుది. సోడా నీళ్ళు కొట్టి, గాజుపెంకుతో గీకితే కర్ర రంగు బయటపడుతుంది."

"మూడు నెలలు దాని మీదే పడుకున్నాను. నాన్నదని నాకే తెలియలేదు. పని బాగా చేశావమ్మాయ్."

కుసుమ చేసిన పనిని ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకున్న మనిషి ఈమె అయింది.

అప్పికట్లలో బండి ఆగింది. పల్లీలమ్మే మనిషి ఎక్కి, దిగాడు.

"పిన్నిగారూ, బాపట్లలో మీరు ముందు వెళ్ళండి. నేను ఒకరిని కలిసి మీ అన్నయ్యగారింటికి వస్తాను. నేను వచ్చేదాకా ఆఖరి మాట అనకండి."

"ఏంటా ఆఖరి మాట?"

"మళ్ళీ ఈ గడప తొక్కననే మాట."

సామ్రాజ్యం ఆమెను చూసింది.

"నీకేదో తెలుసు."

"తెలుసండి. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఆ మాట వెనక్కి ఇచ్చేసి వస్తాను."

యజ్ఞనారాయణ ఇంటి వసారాలో గొడుగులు మూలకి ఆనించి ఉన్నాయి. అన్నీ నల్లవి. కొన్నిటికి కొట్టు చీటీలు కూడా ఊడలేదు. గోడకి రెండు మంచాలు నిలబెట్టి ఉన్నాయి. ఆయన కింద చాప మీద కూర్చుని విసనకర్ర విసురుకుంటున్నాడు.

"రా అమ్మాయీ. కబురు పంపకుండా వచ్చావేంటి? బండి తెచ్చావా? ఈ రెండూ ఎప్పుడు తీసుకెళతావని మా ఆవిడ గోల. నడవడానికి దారి లేదట."

"దారి లేదట అనకండి, లేదు," అంది లోపల్నుంచి భార్య కామేశ్వరమ్మ. "ఈ ఇంట్లో కాలు పెట్టాలంటే చచ్చిపోయినవాళ్ళ సామానంతా దాటి రావాలి."

కుసుమ జరిగింది చెప్పింది. ఆయన విసనకర్ర ఆపాడు.

"వెంకటరత్నంగారి మంచం," అన్నాడు. "తల వైపు చిలకలుండేవి. అదేనా?"

"అదే."

"రేపల్లె కూతురింటికే పోయిందా? ఆంధ్రదేశంలో ఇంకెవరూ దొరకలేదా నీకు?"

"అడగలేదండి. తప్పు మాదే. మా ఆయన ఆ కూతురికి అబద్ధం చెప్పాడు. అదీ మా తప్పే. ఆవిడ అన్నయ్యనే దొంగ అనుకుంటోంది. మీ పేరు చెప్పడానికి మీరు ఒప్పుకోవాలి."

"ఒప్పుకోకపోతే?"

"చెప్పేస్తానండి. మీకు చెప్పి చెబుదామని వచ్చాను."

కామేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమంత తప్పు చేశారని దాచుకుంటారు?" అంది భర్తతో. "దానంగా వచ్చింది మీదేగా?"

"నాదే. అమ్ముకోకూడదని ఎక్కడా లేదు. కానీ ఇచ్చినవాళ్ళు అలా అనుకోరు. నేను ఆ మంచం మీద పడుకుంటేనే వాళ్ళ నాన్నకి అక్కడ పడక ఉన్నట్టు. నాకు ఒక్కటే వీపు. ఏడాదికి ఎన్ని మంచాల మీద పడుకోను?" ఆయన కుసుమ వైపు తిరిగాడు. "అమ్ముతానని అందరికీ తెలుసు అమ్మాయీ. తెలియనట్టుంటారు. తెలిసిందని ఒకడు బయటికి అన్నాడా, ఇంక మిగిలినవాళ్ళకి కూడా తెలియక తప్పదు. అప్పుడు నన్ను పిలవరు."

"నాకూ మంచాలు రావు," అంది కుసుమ.

"అది తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చానండి."

ఆయన లేచి ఉత్తరీయం వేసుకున్నాడు. మూలనున్న గొడుగుల్లో ఒకటి తీశాడు. కొట్టు చీటీ చూసి, దాన్ని పెట్టేసి పాతది తీసుకున్నాడు.

"పద. నా సంగతి నువ్వు చెబితే పట్టుబడినట్టుంటుంది. నేనే చెప్పుకుంటే కొంచెం పరువన్నా మిగులుతుంది."

పాండురంగారావు ఇంట్లో గొడవ వీధిలోకి వినిపిస్తోంది.

"నేనా? నాన్న మంచం నేను అమ్ముకున్నానా? నాకేం గతిలేక?"

"గతిలేక కాదు. ఉన్నదాంట్లోంచి ఒక్క చెక్కముక్క కూడా పోకూడదని."

"నోరు అదుపులో పెట్టుకో సామ్రాజ్యం."

"సున్నం నేను రాశానా అన్నయ్యా పట్టెకి?"

యజ్ఞనారాయణ గుమ్మంలో గొడుగు ముడిచాడు. పాండురంగారావు ఆయన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"సమయానికి వచ్చారు శాస్త్రిగారూ. మీరే చెప్పండి దీనికి. పన్నెండో రోజున ఈ హాల్లో నాన్న మంచం మీకు ధారపోశానా లేదా?"

"ధారపోశావు నాయనా."

"విన్నావా?"

"నువ్వు ధారపోశావు. నేను పుచ్చుకున్నాను," అన్నాడు యజ్ఞనారాయణ. "పది రోజులు మా వసారాలో ఉంది. తర్వాత ఈ అమ్మాయికి అమ్మాను. తెనాలి అమ్మాయి. పాత సామాను బాగుచేస్తారు. మీ అన్నయ్య తప్పేం లేదమ్మా."

సామ్రాజ్యం కుర్చీలో కూర్చుంది. లారీ దిగాక, రైల్లో తప్ప, ఆమె కూర్చున్నది ఇప్పుడే.

"నువ్వు ఇచ్చావన్నమాట," అంది అన్నతో.

"ఇవ్వలేదనుకున్నావా?"

"అనుకున్నాను."

"ఎలా అనుకున్నావు?"

పాండురంగారావు మళ్ళీ అడగకుండా పురోహితుడి వైపు తిరిగాడు.

"అమ్మేశారా?"

"అమ్మాను."

"మీరు దాని మీద పడుకుంటున్నారనుకున్నాను నేను."

"పది రోజులు పడుకున్నాను. అబద్ధం కాదు. నడుం పట్టేసింది."

పాండురంగారావు నవ్వలేదు. హాలు ఆ చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చాడు.

"సరే. ఆ సంగతి తర్వాత. ముందు ఆ మంచం మళ్ళీ రేపల్లె పోకుండా చూడాలి."

"ఎందుకు?" అంది సామ్రాజ్యం.

"ఎందుకేంటి? దానమిచ్చినదాన్ని మళ్ళీ ఇంట్లో పెట్టుకుంటే దత్తాపహారం. ఇచ్చింది లాక్కున్నట్టు. నాన్నకి అక్కడ పడక ఉండదు."

"నువ్వు లాక్కోలేదు. నేనూ లాక్కోలేదు. మా ఆయన తెలియక కొన్నాడు."

"ఎలా వచ్చినా వచ్చింది మన ఇంటికే కదా."

"మన ఇల్లా?"

"నీ ఇల్లు మన ఇల్లు కాదా?"

సామ్రాజ్యం లేచి నిలబడింది.

"శాస్త్రిగారూ, మీరు సాక్షి. ఆ మాట ఇంకోసారి అను అన్నయ్యా."

పాండురంగారావు పురోహితుడి వైపు చూశాడు.

"అమ్మ పోయాక మాగాణి సంగతి అడిగితే నువ్వేమన్నావు? ఇదే హాలు. 'నీ ఇంటిపేరు వేరు, నీ గోత్రం వేరు, నీ ఇల్లు వేరు, ఈ ఇంటితో నీకేం సంబంధం' అన్నావు. నేను సరేనని వెళ్ళిపోయాను. పొలానికి నా ఇల్లు వేరయితే మంచానికి ఒకటెలా అయింది?"

"అదీ ఇదీ ముడిపెట్టకు."

"నేను ముడిపెట్టలేదు. నాన్న మంచం నాకు ఎవరూ ఇవ్వలేదు. డబ్బుపోసి కొనుక్కున్నాం. అది నా దగ్గరే ఉంటుంది."

"పొద్దున వద్దని తెనాలిలో పడేసి వచ్చానని నువ్వే అన్నావుగా."

"నువ్వు అమ్ముకున్నావనుకుని వద్దన్నాను. ఇచ్చావని తెలిశాక కావాలంటున్నాను."

"శాస్త్రిగారూ, చెప్పండి," అన్నాడు పాండురంగారావు. "పెళ్ళయిన కూతురి ఇల్లు దానమిచ్చినవాడి ఇంటి కింద జమా, కాదా? శాస్త్రం ఏమంటుంది?"

యజ్ఞనారాయణ ఇద్దరినీ చూశాడు.

"రెండింటికీ ఆధారం చూపించవచ్చు నాయనా. అడిగేదెవరో చూసుకుని చెబుతుంటాం. ఈ వేళ అడిగేవాళ్ళు ఇద్దరు. నన్ను వదిలెయ్. పుచ్చుకున్నాను, అమ్మాను, నాకు దానితో రుణం తీరింది. మంచం ఇప్పుడు ఎక్కడుంది?"

"మా అరుగు మీద," అంది కుసుమ.

"అయితే ఈ అమ్మాయిని అడగండి."

పాండురంగారావు మొదటిసారి ఆమెను పరీక్షగా చూశాడు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఏ ఊరమ్మా మీది?"

"పుట్టిల్లు అంగలకుదురండి."

"మనవాళ్ళే. చూడమ్మాయ్, నేను అన్యాయం మాట్లాడను. ఆ మంచాన్ని విప్పేసి బల్లలు చేసుకో, కుర్చీలు చేసుకో. లేదంటే ఏ బందరుకో పంపెయ్. దానికి నేనేమీ అడ్డం రాను. మా బావకి వేరే మంచం నేను కొనిస్తాను. శాస్త్రిగారు అమ్మిన సంగతి ఈ గోడ దాటదు. వచ్చే నెల నాన్న సంవత్సరీకం, ఆయనే చేయిస్తారు. మీ వ్యాపారం మీరు చేసుకోండి. అందరికీ బాగుంటుంది."

మాటలో కోపం లేదు. అతను చెప్పిన దాంట్లో కుదరనిదీ ఏమీ లేదు. మంచం కోళ్ళు విప్పడానికి జ్ఞానానందానికి పూట కూడా పట్టదు. ఆ టేకుతో నాలుగు కుర్చీలు అవుతాయి. కుసుమ చూపుడువేలు గోటి సందున ఇంకా లక్క ఉంది. దాన్ని బొటనవేలితో గీకుతూ నిలబడింది.

యజ్ఞనారాయణ కింద పెట్టిన గొడుగు వైపు చూస్తున్నాడు. ఆమెకి సాయంగా ఒక్క మాట అనలేదు. వద్దనీ అనలేదు.

"నేను నీకేం ఇవ్వలేనమ్మాయ్," అంది సామ్రాజ్యం. "నా దగ్గర ఏముంది?"

కుసుమ పాండురంగారావుతోనే మాట్లాడింది.

"బేరం అయిపోయిన మంచమండీ అది. కోటేశ్వరరావుగారు కొన్నారు. ఆయన మాతో వద్దని అనలేదు. మేము వెనక్కి పుచ్చుకున్నామనీ చెప్పలేదు. ఇంకొకరి సామాను నేను విప్పకూడదు."

"ఆలోచించుకుని చెప్పు."

"నవారు బిగించి రేపు రేపల్లె పంపిస్తానండి."

పాండురంగారావు కేకలెయ్యలేదు. కాసేపు పంచె అంచు సర్దుకున్నాడు. తర్వాత లోపలికి వినపడేలా భార్యతో అన్నాడు.

"ఏమేవ్, సంవత్సరీకానికి కారంచేడు వాళ్ళ పురోహితుడికి కబురు చేయించు. ఆయనకి వీలవుతుందో లేదో ముందే కనుక్కోవాలి."

లోపల్నుంచి, "అలాగే," అని వినపడింది. తర్వాత, "విస్తళ్ళు వేశాను. సామ్రాజ్యం కాళ్ళు కడుక్కుందా?" అని వినపడింది.

పాండురంగారావు చెల్లెలి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది.

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?" అన్నాడు.

"మంచినీళ్ళు కూడా తాగలేదు."

"లోపలికి పద. మంచం సంగతి బావతో మాట్లాడతాను."

"మాట్లాడుకో. ఆయనా నా మాటే చెబుతాడు."

"చూద్దాం. ముందు అన్నం తిను."

సామ్రాజ్యం రెండడుగులు వేసి ఆగింది.

"నువ్వూ రా అమ్మాయ్. రెండు మెతుకులు తిని వెళుదువుగాని."

"బండి వేళవుతోందండి," అంది కుసుమ.

సామ్రాజ్యం ఇంకేదో అనబోయింది. లోపల్నుంచి పాండురంగారావు భార్య పిలిచింది. ఆమె వెళ్ళిపోయింది.

గేటు బయట యజ్ఞనారాయణ గొడుగు విప్పాడు.

"మా వసారాలో ఉన్న రెండూ ఇవాళే తీసుకెళ్ళు. ఎడ్లబండి దొరుకుతుంది స్టేషను దగ్గర. రేపటికి అవి నా ఇంట్లో ఉండకూడదు."

"తర్వాతో శాస్త్రిగారూ?"

"తర్వాత ఏంటని నన్నడుగుతావా?"

"ఆయన అందరికీ చెబుతాడంటారా?"

"చెప్పడు. మర్యాదస్తుడు. కారంచేడు నుంచి ఆయన్ని పిలిపిస్తాడు. వచ్చిన బంధువులు మన శాస్త్రిగారేరీ అంటారు. ఈయన మాట్లాడకుండా ఊరుకుంటాడు. అది చాలు."

"నా మీద కోపంగా ఉందాండీ?"

"ఉంది," అన్నాడాయన. "ఇంటికెళ్ళాక మా ఆవిడకి ఇంకా ఎక్కువుంటుంది. ఆ రెండు మంచాలూ వెళ్ళాక కొంచెం తగ్గుతుంది."

ఇద్దరూ నాలుగడుగులు వేశారు. ఎదురుగా సైకిలు మీద ఒక మనిషి వస్తున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేదు. యజ్ఞనారాయణ ఆగాడు.

"రైసుమిల్లు బ్రహ్మయ్యగారి గుమస్తా," అన్నాడు. "పెద్దాయనకి ఐదారు రోజుల్నుంచీ స్పృహ లేదు."

గుమస్తా దగ్గరికి వచ్చాక సైకిలు దిగాడు. పురోహితుడికి దణ్ణం పెట్టాడు.

"పోయారండీ. ఇప్పుడే."

"అయ్యో. పద, వస్తున్నాను."

"మీ ఇంటికే బయల్దేరానండి. దారిలో ముందు పాండురంగారావుగారికి ఒక మాట చెప్పి రమ్మన్నారు మా అబ్బాయిగారు. ఏ ఏర్పాటు చేసినా ఆయన్ని అడిగే చెయ్యమన్నారు. ఒక్క నిమిషం ఉండండి, చెప్పి వచ్చేస్తాను."

అతను సైకిలు గోడకి ఆనించి, గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. హాల్లోంచి పాండురంగారావు, "ఎవరది?" అనడం వీధిలోకి వినిపించింది.

యజ్ఞనారాయణ గొడుగు ముడవలేదు. నడవనూ లేదు. కుసుమ ఆయన పక్కనే నిలబడింది.